కోన్ వేగం మారితే నేల బలం మారుతుందా?

సీపీటీ (కోన్ పెనెట్రేషన్ టెస్ట్, అంటే కోన్‌ని నేలలోకి తోసి బలం అంచనా వేసే పరీక్ష) రిపోర్టు చేతికొస్తే అందరి చూపూ టిప్ రెసిస్టెన్స్ (కోన్ మొనకి నేల ఇచ్చే ప్రతిఘటన) గ్రాఫ్ మీదే, కోన్‌ని ఎంత వేగంతో దింపారని అడిగేవాళ్లు తక్కువ. అడగడానికి పెద్దగా ఏముంది, స్టాండర్డ్ ప్రకారం సెకనుకు 20 మిల్లీమీటర్లు, ఓ 5 అటూఇటూ. అందరి రీడింగులూ పోల్చుకోవడానికి మనం పెట్టుకున్న వేగం అది, దాంతో నేలకు సంబంధం లేదు.

అసలు విషయం నీళ్లది. కోన్ తోసుకుంటూ దిగేటప్పుడు మట్టి రేణువుల మధ్య ఉన్న నీటికి తప్పుకునే టైమ్ దొరికిందా లేదా? దీన్ని లెక్కగట్టడానికి వేగాన్ని కోన్ వ్యాసంతో గుణించి, నేల కన్సాలిడేషన్ కోఎఫిషియంట్‌తో (ఒత్తిడి పడితే నీళ్లు ఎంత త్వరగా బయటికి పోతాయో చెప్పే అంకె) భాగిస్తారు. ఆ విలువ 30 దాటితే దాదాపు అన్‌డ్రెయిన్డ్ (నీళ్లు పోలేదు), 0.01 కంటే తగ్గితే డ్రెయిన్డ్ (నీళ్లు పూర్తిగా పోయాయి) అని ఒక అంచనా (ఈ హద్దులు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు). 35.7 మిల్లీమీటర్ల మామూలు కోన్‌తో బంకమట్టిలో ఆ విలువ వేలల్లో ఉంటుంది కాబట్టి దిగులు లేదు. శుభ్రమైన ఇసుకలో నీళ్లు ఎలాగూ వెంటనే పోతాయి.

చిక్కంతా ఇసుకకీ బంకమట్టికీ మధ్యరకం రేణువులుండే సిల్ట్‌తోనే, ఆ విలువ సరిగ్గా మధ్యలో పడుతుంది.

మెత్తటి నేలలో వేగం తగ్గించుకుంటూ పోతే మొదట రెసిస్టెన్స్ కొంచెం తగ్గుతుంది, ఎందుకంటే బంకమట్టి జిగట స్వభావం వల్ల వేగం పది రెట్లు పెరిగితే బలం కూడా ఓ 10 శాతం అటూఇటూగా పెరుగుతుంది, మనం ఇప్పుడు దానికి తిరుగుదారిలో వెళ్తున్నాం. ఇంకా తగ్గిస్తే నీళ్లు బయటికి పోవడం మొదలై, కోన్ చుట్టూ మట్టి బిగుసుకుని, రెసిస్టెన్స్ మళ్లీ పైకి లేస్తుంది, ఈసారి కొన్ని శాతాలతో ఆగదు, రెట్లలో పెరగొచ్చు. దట్టమైన సిల్ట్ అయితే కథ తలకిందులు: వేగంగా దింపితే లోపల నెగటివ్ పోర్ ప్రెజర్ (రేణువుల మధ్య నీటి పీడనం) పుట్టి నేల ఇంకా గట్టిగా కనిపిస్తుంది.

అందుకే మెత్తటి సిల్ట్ రీడింగుని బంకమట్టి ఫార్ములాలో పెట్టి అన్‌డ్రెయిన్డ్ బలం తీసేయడం నాకు నచ్చదు. సగం డ్రెయిన్ అయిన నేల ఉన్నదానికంటే బలంగా కనబడుతుంది, భూకంపం లాంటి వేగమైన లోడ్‌కి ఆ అంకె పనికిరాదు.

అనుమానం ఉంటే రాడ్ కలపడానికి ఆగే ప్రతి మీటరు దగ్గరా పోర్ ప్రెజర్ చూడండి. ఆ కాస్త విరామంలోనే అది తగ్గిపోయిందంటే, పక్కనే ఇంకో పాయింట్‌లో వేగం బాగా తగ్గించి ఒకసారి దింపమని అడగొచ్చు.