అన్యుల వరసలో

యేసయ్య పదిమంది కుష్ఠరోగుల్ని బాగుచేస్తే, యూదులు పరాయివాడిగా చూసే ఒక్క సమరయుడే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పిన వాక్యం (లూకా 17:11-19) మీద ప్రసంగం ఎప్పుడు విన్నా ఒకటే మాట. తొమ్మిదిమందికి కృతజ్ఞత లేదు, మనం అలా ఉండకూడదు. ఆమేన్ అని లేచిపోతాం. నిజం చెప్పాలంటే, సేవ కోసం పరాయి దేశం వచ్చిన మాలాంటివాళ్లం ఈ కథలో రోగుల వైపు నిలబడనే నిలబడం. యేసయ్య పక్కన చేరి, ఆయనతోపాటు "ఆ తొమ్మండుగురు ఎక్కడ?" అని తలలు లెక్కపెడతాం.

నేనూ లెక్కపెట్టాను. మా క్లినిక్‌లో ఒక పెద్దాయన కాలి పుండుకి ఆరు వారాలు కట్టు మార్చాను. గాజుగుడ్డ పుండుకి అతుక్కుపోయేది. సెలైన్ చుక్కచుక్కగా పోస్తూ, ఆయన పళ్లు బిగించినప్పుడల్లా ఆగి, మళ్లీ ఒక అంగుళం ఊడదీసేదాన్ని. పుండు మానింది. ఆయన చెప్పులు వేసుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. రాత్రి భోజనం దగ్గర మావారితో సణిగాను, "ఒక్క మాటైనా అనలేదండీ" అని. "మానింది కదా" అన్నారాయన. నాకు ఇంకా ఒళ్లు మండింది.

అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. మా సేవకి తోడ్పడేవాళ్లకి పంపే ప్రార్థన లేఖలో ఫొటో కావాలని, కొత్తగా వేసిన కుళాయి ముందు పిల్లల్ని ఎండలో నిలబెట్టి "థ్యాంక్యూ" అని రాసిన అట్టలు పట్టించాం. ఒక చిన్నది వెనక్కి తిరిగి కుళాయి వంకే చూస్తుంటే "ఇటు చూడు, నవ్వు" అన్నది నేనే. నీళ్లు తాగకముందే థ్యాంక్స్ వసూలు! యేసయ్య ఆ తొమ్మండుగురి గురించి అడిగాడే గానీ వాళ్ల స్వస్థత వెనక్కి తీసుకోలేదు.

ఇక్కడ ఉండాలంటే ఏటా పర్మిట్ రెన్యువల్ చేయించుకోవాలి. ఈసారి పొద్దున్నుంచి "విదేశీయులు" అని బోర్డున్న కిటికీ ముందు నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఒక కాగితం తక్కువైందని రేపు రమ్మన్నారు. ఆ బోర్డు కిందే ఆ వాక్యం గుర్తొచ్చింది: "ఈ అన్యుడు తప్ప".

గ్రీకులో అక్కడున్న మాట అల్లొగెనేస్, అంటే వేరే జాతివాడు. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఈ ఒక్కచోటే ఉంది. అదే మాట యెరూషలేము దేవాలయపు అడ్డుగోడ మీద కూడా చెక్కి ఉండేది. అన్యుడెవడూ ఇది దాటి లోపలికి రాకూడదు, పట్టుబడితే తన చావుకి తానే బాధ్యుడు అని. ఆ రాతిపలక 1871లో బయటపడింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. యూదుడు కాని, ఎఫెసువాడైన త్రోఫిమును ఆ గోడ లోపలికి తెచ్చాడన్న అనుమానంతోనే కదా పౌలును జనం చంపబోయారు (అపొ. 21:28-29).

అలాంటి బోర్డు మీది మాటతో యేసయ్య ఆ సమరయుణ్ణి పిలిచాడు. తొమ్మండుగురు ఆయన చెప్పినట్టే యాజకుల దగ్గరికి పోయారు. లేవీయకాండం 14వ అధ్యాయం ప్రకారం, కుష్ఠం పోయినవాడు శుద్ధి చేయించుకోవడం ఎనిమిది రోజుల పని. వాళ్లను తిట్టడం నేను మానేశాను. ఈ సమరయుడు కూడా తనవాళ్ల పవిత్రమైన కొండ గెరిజీము వైపు, తనవాళ్ల యాజకుల దగ్గరికి పోయి ఉండొచ్చు. పోలేదు. 12వ వచనంలో "దూరమున నిలిచి" కేకవేసినవాడు 16వ వచనానికి పాదాల దగ్గర ఉన్నాడు. మధ్యలో ఏ గోడా లేదు. గోడ మీద "రావద్దు" అన్న మాటే ఇక్కడ అందరికంటే దగ్గరికొచ్చినవాడి పేరయింది. నేనైతే ఈ రెండు వచనాల మధ్య దూరం దగ్గరే ఆగిపోతాను, ఎన్నిసార్లు చదివినా.

మరి ఈ దేశంలో అన్యురాలు ఎవరు? నేనే కదా.

వచ్చిన మొదటి ఏడాది నాకు మూడు రోజులు జ్వరం. మావారు సరుకుల పంపిణీకి దూరం వెళ్లారు. పక్కింటావిడ రాత్రంతా నేల మీద కూర్చుని తడిగుడ్డ మారుస్తూనే ఉంది. అప్పటికి ఆమె భాష నాకు రాదు, నాది ఆమెకు రాదు. జ్వరం తగ్గగానే నేను డ్యూటీకి పరుగెత్తాను. తర్వాత వీధిలో కనబడితే తల ఊపాను, అంతే. మూడేళ్లు. పుండు మానిన పెద్దాయన చేసింది ఇంతకంటే ఎక్కువేం కాదు.

ప్రియులారా, మీరు ఏ దేశంలో సేవలో ఉన్నా, ఈసారి ప్రార్థన లేఖకి కూర్చునే ముందు మీరు చేసినవి కాదు, అక్కడివాళ్లు మీకు చేసినవి రాయండి. దారి చూపించినవాళ్లు, మీ వచ్చీరాని మాటలకి నవ్వకుండా ఆగినవాళ్లు, మీ పిల్లాడు ఏడిస్తే ఎత్తుకున్నవాళ్లు. పేర్లు తెలియకపోతే వెళ్లి అడగండి. కృతజ్ఞతాస్తుతులు ఆదివారం పూట దేవుడికి చెల్లించేసి, మనుషులకి బాకీ పడి తిరుగుతున్నాం మనం.

ఆ కిటికీ దగ్గర్నుంచి నేను ఇంటికి పోలేదు. నేరుగా ఆవిడ గుమ్మం ముందు నిలబడి ఆమె భాషలో "కృతజ్ఞతలు" అన్నాను. దేనికని అడిగింది. జ్వరం సంగతి చెప్పాను. ఆమెకు గుర్తే లేదు. పైగా నేను ఆ మాట తప్పు పలికానట, నవ్వుతూ మూడుసార్లు చెప్పించింది. తర్వాత పీట జరిపింది. పర్మిట్ కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.