ప్రొపెల్లర్‌కు పక్కన

చేతులకు ఇంధనంలోని ఆముదం వాసన ఇంకా వదలలేదు. ఆ విషయమై ఇంట్లో జరగవలసిన చర్చ భోజనాల దగ్గరే జరిగిపోయింది కాబట్టి మళ్ళీ దాని జోలికి పోను. నా రిమోట్ బొమ్మ విమానం చక్కగా ఎగిరింది, ఒక్క గీత పడకుండా దిగింది కూడా. ఇంత మంచి ఆదివారం తరువాత హాయిగా నిద్రపోవలసినవాణ్ణి, మేనల్లుడు అన్న ఒక్క మాట వల్ల ఇలా కూర్చుని టైపు చేసుకుంటున్నాను.

తోక పట్టుకోవడానికి ఒకరిని కూర్చోబెట్టి, ఇంజనును పూర్తి వేగంలో ఉంచి, నేను వెనక నుంచి ఇంధనం పాళ్ళు మార్చే నీడిల్ సరిచేస్తుండగా వాడు ఫోను ఎత్తిపట్టుకుని వచ్చి ప్రొపెల్లర్‌కు సరిగ్గా పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేను వెంటనే ఇంజను ఆపేసి వెనక్కి రమ్మంటే, "నేనేమీ ఎదురుగా లేను కదా మావయ్యా, మీదంతా పాతకాలపు చాదస్తం" అన్నాడు. చాదస్తమన్నందుకు నాకు బాధ లేదు, మా అక్క ఆ మాట నన్ను చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. ఎదురుగా లేకపోతే చాలన్న ఆ ధీమా మాత్రం నాకు మింగుడు పడడం లేదు. ఎదురుగా ఉండడమూ ప్రమాదమే. తోక పట్టుకున్నవాడి చేయి జారితే విమానం ముందుకే దూకుతుంది. అయితే ప్రొపెల్లర్ రెక్క విరిగితే ఆ ముక్క ముందుకు రాదు, ప్రొపెల్లర్ తిరుగుతున్న వలయం వెంట పక్కకే దూసుకుపోతుంది. పది అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతున్నప్పుడు దాని కొస వేగం గంటకు 500 కిలోమీటర్లు దాటుతుంది. అంచున చిన్న నొక్కు పడినా దాన్ని అతికించకుండా పారేసేది అందుకే. ఇదంతా వాడికి చెప్పాను, వాడు వీడియో చూసుకుంటూ ఊఁ కొట్టాడు.

మాకు దీన్ని నేర్పిన పద్ధతి వేరు. కాలేజీలో ఎన్‌సీసీ వైమానిక విభాగంలో ఉన్నప్పుడు మాకు రేడియోలూ రిమోట్లూ లేవు. రెండు సన్నని ఉక్కు తీగలు పట్టుకుని, మన చుట్టూ గుండ్రంగా విమానాన్ని తిప్పే కంట్రోల్ లైన్ పద్ధతి ఒక్కటే ఉండేది. ఇంజను చిన్న డీజిల్‌ది, అందులో పోసేది ఈథరు, కిరోసిను, ఆముదం కలిపిన మిశ్రమం. మా ఇన్‌స్ట్రక్టరు మైదానంలో అడుగు పెట్టగానే విమానం వంక చూసేవారు కాదు, తలెత్తి కరెంటు తీగలు ఎక్కడెక్కడున్నాయో చూస్తూ మైదానమంతా ఒక చుట్టు తిరిగేవారు, ఎందుకంటే ఆ ఉక్కు తీగ హైటెన్షన్ లైనుకు తగిలితే హ్యాండిల్ పట్టుకున్నవాడు మిగలడు. ఒకరోజు ఆయన మెస్సు వంటింట్లోంచి పొడుగాటి ములక్కాడ తెప్పించారు. బల్లకు బిగించిన ఇంజనుకు ముందువైపు ఒక అట్ట, పక్కన ఒక అట్ట నిలబెట్టించి, రెండింటికీ పాత దినపత్రికలు అంటించమన్నారు. మమ్మల్నందరినీ బాగా వెనక్కి పంపి, ఇంజను స్టార్టు చేసి, వెనక నుంచి చేయి చాచి ములక్కాడ కొసను రెక్కలకు అందించారు. టపటపమని చప్పుడైంది, ఆయన చేతిలో జానెడు ముక్క మిగిలింది. ముందున్న కాగితం మీద ఒకటి రెండు తడి మరకలు తప్ప ఏమీ లేవు. పక్కనున్న కాగితం మాత్రం నిలువునా ఒక పట్టీలాగా చిరిగి, అందులో గుజ్జూ గింజలూ పీచూ దిగబడి ఉన్నాయి. ఆయన ఏమీ వివరించలేదు, ఆ కాగితాన్ని అందరి చేతికీ ఇచ్చి చూడమన్నారు. మర్నాడు సాంబారులో వచ్చిన ములక్కాడలను మాలో ఎవరమూ ముట్టలేదు.

ఈ కుర్రవాళ్ళ అజాగ్రత్తకు బ్యాటరీ విమానాలే కారణమని రాద్దామనే ఈ టపా మొదలుపెట్టాను. పొగ లేదు, మోత లేదు, స్టార్టరుతో కుస్తీ లేదు, అందువల్ల భయం కూడా లేదని నా వాదన. ఇంతవరకు రాశాక అది నిలిచేలా కనిపించడం లేదు. ఇంధనంతో నడిచే నా గ్లో ఇంజను ఆగిపోయిందంటే ఆగిపోయినట్టే, మళ్ళీ ఎవరో పనిగట్టుకుని ప్లగ్గుకు కరెంటు ఇచ్చి తిప్పితే తప్ప కదలదు. బ్యాటరీ విమానంలో అలా కాదు, తీగ కలిపిన క్షణం నుంచీ మోటారు సిద్ధంగానే ఉంటుంది, ట్రాన్స్‌మిటర్ మీద మోచేయి తగిలినా తిరుగుతుంది. దానికి ఇంకా ఎక్కువ భయపడాలి. కాబట్టి ఆ నింద వెనక్కి తీసుకుంటున్నాను.

పైగా నా ఇంధనం కూడా ఏమంత సాధువు కాదు. అందులో అధికభాగం మిథనాలు, అంటే కల్తీ సారా వార్తల్లో మనుషుల కళ్ళూ ప్రాణాలూ తీసే ఆ పదార్థమే. తాగనక్కరలేదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. అంటుకుంటే ఎండలో మంట దాదాపు కనిపించదు, వేడి తగిలితేనే తెలుస్తుంది. డబ్బాకు బిగుతైన మూత, పక్కనే మంటలార్పే సిలిండరు, పొగ తాగేవాళ్ళకు ఆమడ దూరం అనే ఏర్పాట్లన్నీ అందుకే. ఈ డబ్బాను బాల్కనీలోంచి తీసేయమని ఇంట్లో అంటున్నది వాసన గురించే అయినా, తీసేయవలసిన కారణం మాత్రం అసలైనదే.

వాడికి ఇంకొక సరదా ఉంది, ఇంటి దగ్గర చెరువు గట్టు మీద ఎగరేద్దామంటాడు. హకీంపేట వైమానిక స్థావరం ఒకవైపు, దుండిగల్ స్థావరం ఒకవైపు ఉన్న మా ప్రాంతంలో మైదానం దొరకడమే గగనం. డ్రోన్లను ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆకుపచ్చగా ఉన్నచోట 400 అడుగుల వరకు ఎగరేయవచ్చు, విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల దూరంలోనైతే 200 అడుగులే. ఎర్రగా ఉన్నచోటికి అనుమతి లేకుండా బొమ్మ విమానాన్ని కూడా తీసుకెళ్ళకూడదు. ఆ మ్యాపు వాడి ఫోనులోనే ఉంది, ఒక్కసారీ తెరవలేదు.

ఇందాక అక్క ఫోను చేసి, వచ్చే ఆదివారం కూడా వాణ్ణి తీసుకెళ్ళమంది. తీసుకెళ్తాను, తోక వాడి చేతికే ఇస్తాను. రెండు చేతులూ అక్కడ ఉండాలి కాబట్టి వీడియో తీసే అవకాశం ఉండదు. దారిలో రైతుబజారు దగ్గర బండి ఆపి రెండు ములక్కాడలు కూడా కొంటాను, అట్టలు మా ఇంట్లోనే ఉన్నాయి.