గోడ మీద నీటి గీత

బర్మింగ్‌హామ్‌లో నేనుండే ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించుకున్నాను. 2024 జనవరి 1న రాసుకున్నది. బ్యాండ్ 6 ప్రమోషన్ (ఇక్కడి ఆసుపత్రుల్లో సీనియర్ నర్సు హోదా), పది కిలోల బరువు తగ్గడం, గన్నవరం వైపు స్థలానికి అడ్వాన్సు, డ్రైవింగ్ లైసెన్సు. ఆగస్టు చివరికి ఒక్కటీ కాలేదు. పన్నెండు గంటల డ్యూటీ దిగొచ్చి పాల కోసం ఫ్రిజ్ తీసినప్పుడల్లా అది కనపడేది. "బద్ధకం నీకు, నీతో వచ్చినవాళ్లు ఎక్కడున్నారో చూడు" అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

సెప్టెంబరు 1, ఆదివారం. నైట్ డ్యూటీలో ఉండగా విజయవాడ సింగ్ నగర్ నుంచి అమ్మ ఫోన్. "నీళ్లు గడప దాటాయే. పక్కింటి మేడ మీదికి పోతున్నాం." బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయి. ఆ తర్వాత రెండు రోజులు అమ్మ ఫోన్ స్విచాఫ్. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులని వార్తల్లో చదువుతూ, అమ్మ ఏ మేడ మీద ఉందో తెలీక కూర్చున్నాను. మూడోరోజు పటమటలో ఉండే పిన్ని కొడుకు పడవలో వెళ్లి తీసుకొచ్చాడు.

ఆ రెండు రోజుల్లో నన్ను ఎక్కువగా కోసింది దూరం కాదు. పక్కింటివాళ్ల నంబరు ఒక్కటి కూడా నా దగ్గర లేదు. ఆరేళ్లుగా అమ్మకి తోడున్న మనుషులు, వాళ్ల పేర్లు కూడా నాకు సరిగ్గా తెలీదు.

అమ్మ ఒడ్డున పడ్డాక, సెలవు రోజున ఫ్రిజ్ మీది కాగితం తీసి ముందు పెట్టుకున్నాను. ఒక్కోదాని పక్కన 'ఎందుకు?' అని రాశాను. లైసెన్సు ఎందుకు? అందరూ కార్ల ఫొటోలు పెడుతున్నారని. స్థలం? పెళ్లిళ్లలో ఎవరో ఒకరు అడుగుతారని. ఈ రెండూ కొట్టేశాను. బరువు మాత్రం నడుం నొప్పి వల్ల. పేషెంట్లని లేపి కూర్చోబెట్టే పని నాది, నడుం లేకపోతే నేను లేను. కాబట్టి కిలోలు తీసేసి 'కాలవగట్టు మీద ఇరవై నిమిషాలు' అని రాశాను. బర్మింగ్‌హామ్ నిండా కాలవలే. ఏలూరు కాలవ, బందరు కాలవ చూస్తూ పెరిగినదాన్ని, నీటి పక్కన నడవమంటే నాకు కష్టం కాదు.

బ్యాండ్ 6 దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రెండుసార్లు ఇంటర్వ్యూ పోయిందన్న అవమానం పక్కన పెడితే, నాకేం కావాలి? కొత్తగా వచ్చిన మన నర్సు పిల్లలు ఓస్కీకి, అంటే ఇక్కడ నర్సుగా రిజిస్టర్ కావడానికి పెట్టే ప్రాక్టికల్ పరీక్షకి, వణికిపోతుంటే పక్కన కూర్చుని నేర్పించడం ఇష్టం. దానికి హోదా అక్కర్లేదు, ఇవాళే మొదలుపెట్టొచ్చు.

మాది ఎముకల వార్డు. తుంటి ఆపరేషనైన మర్నాడే పేషెంటుని లేపి కూర్చోబెడతాం. లేవలేకపోతే ఎవ్వరం తిట్టం. "పర్లేదమ్మా, ఇవాళ కుర్చీ దాకా, రేపు తలుపు దాకా" అంటాం. అదే గొంతుతో నాతో నేను ఏనాడూ మాట్లాడలేదని ఆ కాగితం ముందు కూర్చున్నప్పుడే తట్టింది. టెక్సస్ విశ్వవిద్యాలయంలోని క్రిస్టిన్ నెఫ్ అనే మనస్తత్వవేత్త 2003 నుంచీ ఇదే చెబుతోంది: కష్టంలో ఉన్న స్నేహితురాలితో ఎలా మాట్లాడతామో మనతో మనం అలా మాట్లాడుకోవాలి, తప్పటడుగులు మనుషులందరికీ ఉన్నవేనని గుర్తుంచుకోవాలి, బాధని దాచకుండా, పెంచకుండా ఉన్నదున్నట్టు చూడాలి. గారం చేసుకోవడం వేరు, ఇది వేరు. పేషెంటు నడవాలనే కదా మేం మెత్తగా మాట్లాడేది.

డిసెంబరులో ఇంటికొచ్చాను. ముందు గది గోడ మీద నడుమెత్తున నీటి గీత ఇంకా ఉంది. దాని పైన క్యాలెండర్ పక్కన పక్కింటివాళ్లవి, ఎదురింటివాళ్లవి నంబర్లు పెద్ద అంకెల్లో రాసి అతికించాను. నా ఫోన్లోనూ ఎక్కించుకున్నాను, పేర్లతో సహా.

"అమ్మా, నా నుంచి నీకేం కావాలి?" అని అడిగాను. డబ్బు గురించో, పెళ్లి గురించో అంటుందనుకున్నా.

"ఫోన్ చేసినప్పుడు అంట్లు తోముకుంటా మాట్లాడకే. చప్పుడుకి నీ మాట వినపడదు. కూచుని మాట్లాడు."

కొత్త కాగితంలో మొదటి వరుస అదే. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, అంటే అమ్మకి రాత్రి ఏడున్నరకి, పొయ్యి కట్టేసి కుర్చీలో కూర్చుంటాను. కూరేం వండావని మొదలుపెడుతుంది.