శ్రీకి ఒక్కటే మీటు

పోయిన ఆదివారం పొద్దున్న ఏడింటికి డల్లాస్‌లో ఉన్న శిష్యురాలికి పాఠం చెబుతున్నాను. వాళ్ళకది శనివారం రాత్రి ఎనిమిదిన్నర. పదేళ్ళ పిల్ల, అన్నం తినేసి బుద్ధిగా వీణ ముందు కూర్చుంది. సరళీలు, జంటలు, అలంకారాలు అనే తొలి పాఠాలు అయిపోయి, వినాయకుడి మీద ఉండే పిళ్ళారి గీతంలోకి వచ్చాం. శ్రుతి బాగుంది. తాళం తప్పడం లేదు. ఎడమచేతి వేళ్ళు మెట్ల మీద సరిగ్గానే పడుతున్నాయి. అయినా పాట వింటున్నట్టు లేదు, పక్కింట్లో ఎవరో రోట్లో దంచుతున్నట్టుంది. మళ్ళీ వాయించమని, ఈసారి కళ్ళు మూసుకుని మీట్లు లెక్కపెట్టాను. మొదటి వరసలో పన్నెండు స్వరాలున్నాయి. పన్నెండు మీట్లు పడ్డాయి.

పది పడాలి.

ఆ గీతం సంగీతం నేర్చుకున్నవాళ్ళందరికీ తెలిసిందే. మలహరి రాగం, రూపక తాళం. స్వరం "మ ప ధ స స రి, రి స ధ ప మ ప". సాహిత్యం "శ్రీ గణనాథ సింధూర వర్ణ". అక్షరాలు లెక్కపెట్టండి: శ్రీ, గ, ణ, నా, థ, సిం, ధూ, ర, వ, ర్ణ. పదే. "శ్రీ" మధ్యమం (మ) మీద మొదలై పంచమం (ప) దాకా సాగుతుంది. "ధూ" పై షడ్జం (స) మీద పుట్టి ధైవతానికి (ధ) దిగుతుంది. నోటితో పాడేటప్పుడు "శ్రీ"ని ఎవరూ రెండుసార్లు అనరు. మరి వీణ మీద రెండుసార్లు ఎందుకు మీటాలి? సారణి అనే మొదటి తీగ మీద అయిదో మెట్టు దగ్గర ఒక్కసారి మీటి, వేలు ఎత్తకుండా ఏడో మెట్టుకి జార్చాలి. ఆ మీటులో పుట్టిన నాదం ఇంకా బతికే ఉంటుంది కాబట్టి పంచమం దానంతట అదే పలుకుతుంది. రెండో మీటు వేశామా, "శ్రీ" కాస్తా "శ్రీ-ఈ" అని విరిగిపోతుంది.

ఇది నాకు విజయనగరంలో మామ్మగారు నేర్పిన పాఠం. గంటస్తంభానికి రెండు వీధుల అవతల ఆవిడ ఇల్లు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. వీణ ముట్టుకోనిచ్చే ముందు పాడించేవారు. "నోట్లో ఎన్ని అక్షరాలో చేతిలో అన్ని మీట్లు, అమ్మడూ" అనేవారు. చెప్పి ఊరుకునేవారు కాదు. నేను "శ్రీ" మీటగానే నా కుడిచెయ్యి మీద తన చెయ్యి వేసి నొక్కిపెట్టేవారు. ఇంకో మీటు వెయ్యాలన్నా వేలు కదిలేది కాదు. అప్పుడు చచ్చినట్టు ఎడమచెయ్యి జార్చాలి, చెవి ఒగ్గి వినాలి. ఆవిడ చేతికి ఎప్పుడూ కొబ్బరినూనె వాసన. తీగ మీద వేళ్ళు సాఫీగా జారడానికి పక్కన చిన్న గిన్నెలో నూనె ఉంచుకునేవారు.

వీణ గురించి ఎవరు మాట్లాడినా ఎడమచేతి గురించే మాట్లాడతారు. స్వరాన్ని ఊపి పలికించే గమకం అంటారు, తీగ లాగడం అంటారు, ఒక్క మెట్టు మీద నాలుగు స్వరాలు పలికించారంటారు. అవన్నీ నిజమే, నాకూ ఇష్టమే. కానీ నలభై ఏళ్ళుగా వీణ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నదాన్ని, నాకు అర్థమైంది ఇది: వీణలో ఎడమచెయ్యి అచ్చు, కుడిచెయ్యి హల్లు. "క"లో "క్" మీటు, ఆ వెనక సాగే "అ" ఎడమచేతిది. హల్లు గట్టిగా పలికితే మాట కరుకవుతుంది, మెత్తగా పలికితే మాట ముద్దయిపోతుంది. అక్కర్లేని చోట హల్లు చేరితే అసలు ఆ మాటే కాదు. అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లల కుడిచెయ్యి చూస్తాను ముందు.

కుడిచెయ్యి పనేమిటో కొంచెం వివరంగా చెబుతాను. మనం వాయించే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. వీటిని చూపుడు వేలితో, నడిమి వేలితో మార్చి మార్చి కిందికి మీటుతాం. పక్కనుండే మూడు తాళపు తీగల్ని చిటికెన వేలితో పైకి మీటుతాం. అంటే అరచెయ్యి వీణ కుండ అంచున కదలకుండా ఆనుకుని ఉండగా, ఒక కొసన పాట నడుస్తుంటుంది, ఇంకో కొసన తాళం నడుస్తుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి చిటికెన వేలు కదిపితే చూపుడు వేలు ఆగిపోతుంది. ఇది కుదరడానికి నాకు ఏడాదిపైనే పట్టింది. బళ్ళో బల్ల మీద కూడా అదే సాధన.

ఇక గోళ్ళు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. మీటే గోరు వేలి కండ దాటి వడ్లగింజ మందాన ఉండాలి. అంతకంటే పెరిగితే తీగకి తగులుకుని చిటుక్కుమంటుంది, తగ్గితే కండ తగిలి నాదం మూగబోతుంది. ఆకురాయితో గుండ్రంగా చేసి, నున్నటి ఉప్పుకాగితంతో అంచు రుద్దుకుంటాను. తీగ ముందు కండని తాకి, ఆ వెంటనే గోటి మీదుగా జారిపోవాలి. ఆ రెంటి మధ్య వ్యవధి కనురెప్ప పాటు కూడా ఉండదు, కానీ నాదంలో గుండ్రదనం అంతా అక్కడే ఉంది. వారం రోజులు గట్టిగా వాయిస్తే స్టీలు తీగ గోటి అడుగున సన్నటి గాడి చేస్తుంది. దాన్ని మళ్ళీ రుద్ది చదును చెయ్యాలి.

ముప్ఫై ఒక్క ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం క్యాషు కౌంటర్లో. రోజంతా తడి స్పాంజి మీద వేళ్ళు అద్ది నోట్లు లెక్కపెడితే గోళ్ళు నానిపోయి కాగితంలా అయ్యేవి. పైగా ఆ రోజుల్లో నోట్ల కట్టలకి పిన్నులు కొట్టేవాళ్ళు. ఒకసారి శ్రీరామనవమికి మూడు రోజుల ముందు కట్ట విప్పుతుంటే పిన్ను దిగి చూపుడు వేలి గోరు సగానికి చీలింది. రామాలయం పందిట్లో కచేరీ ఒప్పుకుని ఉన్నాను. గత్యంతరం లేక వేలికి తీగ తొడుగు పెట్టుకుని వాయించాను. పందిరి చివర కూర్చున్నవాళ్ళకి కూడా స్పష్టంగా వినపడిందని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం చేతికి గ్లౌజు వేసుకుని అన్నం కలిపినట్టుంది. తీగ ఎప్పుడు కండని వదిలిందో వేలికి తెలియలేదు. తొడుగుతో ఎంతో అందంగా వాయించేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మీటులో ఒక మెరుపుంటుంది. నా వేలికి అది పనికిరాదు, అంతే.

మా అన్నయ్య కొడుకు గిటారు వాయిస్తాడు. నైలాన్ తీగల క్లాసికల్ గిటారు. కిందటి దసరాకి వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని గోళ్ళు తిప్పి తిప్పి చూశాడు. "అత్తా, నీవీ నాలాగే ఉన్నాయే!" అన్నాడు. వాళ్ళ దగ్గరా ఇదే తగువట. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో ఇద్దరు స్పెయిన్ విద్వాంసులు, ఫెర్నాండో సోర్, దియోనిసియో అగ్వాదో, మంచి స్నేహితులు. సోర్ కండతో మీటేవాడు, అగ్వాదో గోటితో. ఇద్దరూ కలిసి వాయించడానికి సోర్ ఒక రచన కూడా చేశాడు. ఆ తరవాత తరాల్లో తార్రెగా కండ వైపు మొగ్గాడు. సెగోవియా కండా గోరూ రెండూ కలిపాడు. మా వాడు చూపించాడు: మీటిన వేలు వెళ్ళి పక్క తీగ మీద వాలితే ఒక పద్ధతి, గాల్లోకి తేలిపోతే ఇంకో పద్ధతి. వాలితే నాదం బరువుగా, నిండుగా వస్తోంది. తేలితే తేలిగ్గా ఉంటోంది. ఇద్దరం ఆ రాత్రి పదకొండు దాకా ఒకే స్వరాన్ని వాలుస్తూ, తేలుస్తూ కూర్చున్నాం. మా వదిన రెండుసార్లు వచ్చి అన్నానికి పిలిచి వెళ్ళింది.

ఒక్కో దేశం ఈ మీటుకి ఒక్కో దారి వెతుక్కుంది. సితారు వాళ్ళు వేలికి మిజ్రాబ్ అనే తీగ తొడుగు తొడిగి, లోపలికీ బయటికీ వేసే దెబ్బలకి "దా", "రా" అని పేర్లు పెట్టుకున్నారు. సరోద్ మీటే బిళ్ళని కొబ్బరి చిప్పతో చేస్తారు. చైనా వాళ్ళ పీపా అనే తీగ వాయిద్యానికి ఆ పేరే మీటు నుంచి వచ్చిందంటారు: ముందుకు మీటితే "పీ", వెనక్కి మీటితే "పా". యూరప్‌లో ల్యూట్ అనే తీగ వాయిద్యం వాయించేవాళ్ళయితే పదిహేనో శతాబ్దం చివరికొచ్చేసరికి మీటే పక్షి ఈక పక్కన పెట్టి వేళ్ళతోనే మీటడం మొదలుపెట్టారు, ఒకేసారి రెండు మూడు స్వరాలు నడపాలంటే ఈకతో కుదరదు కాబట్టి.

తీగని ఎక్కడ మీటాలన్నది ఇంకో సంగతి. తీగలు ఆనుకునే బ్రిడ్జికి దగ్గరగా మీటితే నాదం పదునుగా, దూరంగా మీటితే మెత్తగా ఉంటుంది. ఇది గిటారుకీ వీణకీ ఒకటే. కానీ వీణలో ఒక వింత ఉంది. మామూలుగా తీగని సరిగ్గా సగంలో మీటితే, ఆ సగం దగ్గర కదలకుండా ఉండాల్సిన స్వయంభూ స్వరాలు (అసలు స్వరంతో పాటు తీగలో వాటంతటవే పుట్టే పై స్వరాలు), అంటే వాటిలో రెండోది, నాలుగోది, ఆరోది, పుట్టకూడదు. అది శాస్త్రం. వీణ మీద, తంబురా మీద అవి పలుకుతాయి. ఈ సంగతిని 1921లో సి.వి.రామన్ రాశారు. కారణం బ్రిడ్జి. దాని మీద ఉండే లోహపు రేకు కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. తీగ కంపించినప్పుడల్లా ఆ వంపుని తాకుతూ విడుస్తూ ఉంటుంది, అందుకని మీటులో లేని స్వరాలు కూడా ఆ తాకిడిలో పుడతాయి. రామన్ చిన్నతనం విశాఖపట్నంలో గడిచింది, ఆయన భార్య లోకసుందరి వీణ వాయించేవారు. మా జిల్లా పక్కన పెరిగిన పిల్లాడు మా వీణ బ్రిడ్జిలోకి తొంగిచూశాడని నాకు ఇప్పటికీ గర్వం. నా వీణ బొబ్బిలి వీణ, గొల్లపల్లిలో పనస మానుతో చేసింది. కొత్తగా తెచ్చిన రోజు మా నాన్న ఒక్క తీగ మీటి, నాదం పూర్తిగా ఆగేదాకా గదిలో ఎవరినీ మాట్లాడనివ్వలేదు.

అన్నిచోట్లా తక్కువ మీటాలనే అనడం లేదు. తానం ఉంది కదా. అక్కడ సాహిత్యం ఉండదు, "అనంతం" "తానం" అనే అక్షరాల నడకే ఉంటుంది. అక్కడ కుడిచేతిదే రాజ్యం. రెండు వేళ్ళూ గుర్రపు డెక్కల్లా నడుస్తుంటే, మధ్యలో చిటికెన వేలు తాళపు తీగల్ని ఝల్లుమనిపిస్తుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో వరసగా తానం వేస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. వీణ తన సొంత భాషలో మాట్లాడేది తానంలోనే అనిపిస్తుంది నాకు. పాటలో మాత్రం అది మనిషి గొంతుని అనుసరించాలి. మన గోదావరి ప్రాంతం నుంచి వచ్చిన ఈమని శంకరశాస్త్రిగారు, ఆయన శిష్యులు చిట్టిబాబుగారు రేడియోలో వాయిస్తుంటే మామ్మగారు మమ్మల్ని కూర్చోబెట్టి మీట్లు లెక్కపెట్టమనేవారు. చిట్టిబాబుగారి వాదనలో మీటు ఎక్కడ పడిందో నాకు చాలాసార్లు తెలిసేదే కాదు. లెక్క తప్పేది. "తప్పాలి మరి" అనేవారు ఆవిడ.

మళ్ళీ డల్లాస్ పిల్ల దగ్గరికి వస్తాను. నేను వాయించి చూపించాను, ఒక్క మీటుతో "శ్రీ". "ఆంటీ, పా రావట్లేదు" అంది. మళ్ళీ వాయించాను. "మా దగ్గరే ఆగిపోతోంది ఆంటీ" అంది. అప్పుడు వెలిగింది నాకు. ఈ వీడియో కాల్స్‌లో చప్పుళ్ళని అణిచేసే ఏర్పాటు ఒకటుంటుంది. ఫ్యాను హోరునీ వీణ నాదం వెనక సాగే తోకనీ అది ఒకేలా చూస్తుంది. మీటు ఒక్కటే అటు వెళుతోంది, తరవాతదంతా మధ్యలో కోసుకుపోతోంది. పాపం ఆ పిల్ల ఆరు నెలల నుంచి నా దగ్గర హల్లులు మాత్రమే వింది. వినపడని స్వరాన్ని వినిపించాలని రెండో మీటు వేసింది. తప్పు నాది, ముందే చూసుకోవాల్సింది.

ఆ ఏర్పాటు రెండు వైపులా ఆపించాను. తరవాత నేనే "శ్రీ" వాయించి ఫోన్లో రికార్డు చేసి పంపాను. ఇంకో ఇబ్బంది మిగిలింది: అలవాటు పడ్డ వేలు ఆగదు. మామ్మగారిలా చెయ్యి పట్టుకుందామంటే సముద్రాలు అడ్డం. వాళ్ళ అమ్మమ్మగారు కాకినాడ నుంచి వెళ్ళి అక్కడే ఉన్నారు. సంగీతం నేర్చుకోలేదట. ఆవిడని పిలిచి పిల్ల కుడిపక్కన కూర్చోబెట్టాను. "శ్రీ అని మీటగానే మీ చెయ్యి దాని చెయ్యి మీద వెయ్యండి, గ వచ్చేదాకా తియ్యకండి" అన్నాను. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని సిద్ధంగా కూర్చున్నారు.

నిన్న సాయంత్రం వాట్సాప్‌లో ఒక రికార్డింగు వచ్చింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. మధ్యమం మీద మీటు, చిన్నగా గాజుల చప్పుడు, ఆ వెనక పంచమం సన్నగా, ఒణుకుతూ, ఆగకుండా వచ్చింది. నాలుగుసార్లు విన్నాను. "ధూ" ఇంకా రెండు మీట్లే పడుతోంది. వచ్చే ఆదివారం దాని పని పట్టాలి.