తూము కింద జానెడు మెట్టు

ట్రౌట్ చేపను నేను ఇంతవరకూ కళ్లతో చూడలేదు. దాన్ని కాపాడే డ్రాయింగులు మాత్రం 11 ఏళ్లుగా గీస్తున్నాను. ఆఫీసు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, పని అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం రోడ్లది. ప్రతి సెట్టులోనూ వాగులో ఏం చేయకూడదో చెప్పే షీటు ఒకటి ఉంటుంది. మొదట్లో పాత ప్రాజెక్టు నుంచి దాన్ని కాపీ కొట్టి, వాగు పేరు మార్చి పంపేసేదాన్ని. ఎవరు చదువుతార్లే అని.

చదివారు. ఒకసారి అక్కడి జీవశాస్త్రవేత్త నుంచి ఎర్ర గీతలతో తిరిగొచ్చింది. సహజంగా ట్రౌట్ పెరిగే వాగుల్లో అక్టోబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా దిగకూడదు. మా షెడ్యూల్లోనేమో నవంబర్‌లో పునాది తవ్వకం! షెడ్యూలంతా మళ్లీ వేసుకోవాలి. రెండు రోజులు ఒకటే టెన్షన్. ఆ కోపంతోనే కూర్చుని చదివాను, అసలు ఈ చేపకి అంత వైభోగం ఎందుకా అని.

ఆ వాగుల్లో ఉండేది బ్రూక్ ట్రౌట్, ఆ రాష్ట్ర చేప. (శాస్త్రం ప్రకారం అది అసలు ట్రౌటే కాదట, దాని దగ్గరి చుట్టమైన చార్ అనే చేప.) చలి మొదలయ్యే ముందు ఆడ చేప తోకతో గులకరాళ్లను ఎగజిమ్మి గుంట చేస్తుంది. అందులో గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లు కప్పేస్తుంది. చలికాలమంతా గుడ్లు ఆ రాళ్ల సందుల్లోనే ఉంటాయి. సందుల్లోంచి చల్లటి నీళ్లు పారుతుంటేనే వాటికి ఊపిరి. రోడ్డు పనిలోంచి కొట్టుకొచ్చే మెత్తటి మట్టి ఆ సందులు పూడ్చేస్తే పైన వాగు ఎప్పట్లాగే పారుతుంది, కింద గుడ్లు చచ్చిపోతాయి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. బురదలో పుట్టి బురదలో పెరిగే కొర్రమీను తెలిసినదాన్ని కాబట్టి, చేపకు బురద పడదన్న మాట నాకు తట్టనే లేదు.

వేడీ పడదు దానికి. నీళ్లు 20 డిగ్రీలు దాటితే కష్టం మొదలవుతుంది. గట్టు మీద చెట్లు కొడతామంటే వాళ్లు అంత పేచీ పెట్టేది నీడ కోసమే. ఎండకు కాగిన తారు మీద పడిన వాన కూడా వేడిగానే వాగులోకి దిగుతుంది.

అందుకని పని చేసే చోట వాగుకు ఇసుక బస్తాలు అడ్డం వేసి, నీళ్లను గొట్టంతో పక్కనుంచి దాటిస్తారు. మధ్యలో చిక్కిన చేపల్ని ముందే పట్టి బయట వాగులో వదులుతారు. పంపు మూతికి జాలీ కడతారు. గుంటలో తోడిన బురద నీళ్లు గుడ్డ సంచిలోంచి వడకట్టాకే బయటికి. పచ్చి కాంక్రీటు కడిగిన నీళ్లయితే చుక్క కూడా వాగులో పడకూడదు, ఆ క్షారానికి మొప్పలు కాలిపోతాయి.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది మెట్టు. కల్వర్టు గొట్టాన్ని, అంటే రోడ్డు కింద నీళ్లు దాటే తూమును, వాగు అడుగు కన్నా పైన పెడితే, నీళ్లు దూకే చోట ఏటేటా కోసుకుపోయి చిన్న జలపాతం తయారవుతుంది. చిన్న చేప దాన్ని ఎక్కలేదు. పైనున్న వాగంతా దానికి లేనట్టే. వాషింగ్టన్ రాష్ట్రంలో 21 ఆదివాసీ తెగలు సాల్మన్ చేపల దారి కోసం ఇలాంటి కల్వర్టుల మీదే 2001లో కేసు వేశాయి. 2018లో అమెరికా సుప్రీంకోర్టు జడ్జీలు 4-4గా చీలిపోవడంతో, తెగలకు అనుకూలంగా వచ్చిన కింది కోర్టు తీర్పే నిలిచింది. ఇప్పుడు నా డ్రాయింగుల్లో కల్వర్టు అడుగు భాగం వాగు మట్టానికి ఒక అడుగు కిందికే ఉంటుంది. దాని మీద ఆ వాగు రాళ్లే పరవాలని రాస్తాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ ఏప్రిల్‌లో మా ఇంటి దగ్గర రోడ్డు వెడల్పు చేశారు. మా వీధి చివర రాజకాలువె ఉంది, చెరువులోకి పోయేది. దాని మీద మూడు హ్యూమ్ పైపులతో (లావాటి సిమెంటు గొట్టాలు) కొత్త మోరీ వేశారు. ఒక పొద్దున కూరగాయలకు వెళ్తుంటే కాంక్రీటు లారీ డ్రమ్ము కడిగి, ఆ తెల్లటి నీళ్లు కాలువలోకి వదులుతున్నారు. పైపులేమో కాలువ అడుగుకు జానెడు పైన.

మేస్త్రీది మదనపల్లె వైపట. నేను గబగబా మొప్పలూ సిమెంటూ అని ఏదో చెప్పాను. కడిగేది పక్క ఖాళీ స్థలంలో గుంట తీసి అందులో కడుక్కోమన్నాను. సరేనన్నాడు, మరుసటి రోజు నుంచి అలాగే చేయించాడు కూడా. పైపులు దించమంటే మాత్రం నవ్వాడు.

"లెవల్ మాది కాదు మేడం, సారు మార్కు పెట్టినాడు. అయినా ఎందుకు? చేపలెక్కేదానికా?"

అవునన్నాను. ఈ మురుగులో చేపలేంటని అడుగుతాడనుకున్నా. అడగలేదు. వాళ్ల ఊళ్లో తొలి వానకు మరవ (చెరువు అలుగు) దగ్గర చేపలు ఎట్లా ఎదురెక్కేవో పది నిమిషాలు చెప్పాడు. మా నాన్న పొలం కాలువకు వెదురు మావు అడ్డం పెట్టి పరిగెలు పట్టడం నేనూ చెప్పాను.

వెళ్లిపోయే ముందు రోజు మిగిలిన బండరాళ్లను మోరీకి నాలుగడుగుల కింద కాలువకు అడ్డంగా, వంకీలా పేర్పించాడు. నీళ్లు ఆగి పైపు మూతి దాకా లేచాయి. నేనైతే దానికి మూడు అడ్డకోత డ్రాయింగులూ ఒక లెక్కా వేసేదాన్ని.

మే నెలలో పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున్నే వెళ్లి చూశాను. వేలెడేసి పరిగెలు, జెల్లపిల్లలు గుంపులుగా మధ్య పైపు ముందు చేరాయి. కొన్ని లోపలికి దూరాయి. రోడ్డు దాటి అవతలి గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. నీళ్లు గోధుమ రంగులో ఉన్నాయి, ఏమీ కనబడలేదు. ఇవతలికి వచ్చేసరికి ఇద్దరు పిల్లలు రాళ్ల మీద నిలబడి తువ్వాలు పరిచి పడుతున్నారు. వద్దందామని నోరు తెరిచాను. అప్పటికే డబ్బాలో ఆరు చేపలున్నాయి, ఒకటి కొర్రమీను పిల్ల.