ముక్కుపుడక షార్ప్, కన్ను మసక

కంటి మీద ఫోకస్ పాయింటు పెట్టినా ముక్కుపుడక షార్ప్‌గా వస్తే అది ఫ్రంట్ ఫోకస్. చెవి బుట్టకమ్మ షార్ప్‌గా వస్తే బ్యాక్ ఫోకస్. ఒక్క ఫొటో ఇలా వచ్చిందని లెన్స్‌ను అనుమానించకండి. ముహూర్తం వేళ పెళ్లికూతురూ కదులుతుంది, మనమూ ఊగుతాం. ప్రతిసారీ ఒకే వైపు, ఒకే మేర తప్పుతోందా అన్నది ముందు తేలాలి.

ఇది ముఖ్యంగా డీఎస్ఎల్ఆర్‌ల, అంటే లోపల అద్దం ఉండే కెమెరాల గొడవ. లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురులో కొంత పెద్ద అద్దం గుండా దూరి, దాని వెనకున్న చిన్న అద్దానికి తగిలి, కెమెరా అడుగునున్న ఫోకస్ సెన్సర్‌కి చేరుతుంది. ఫొటో పడేది మాత్రం అసలు సెన్సర్ మీద. ఈ రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఫోకస్ పక్కకి పోతుంది. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో రెండు పనులూ ఒకే సెన్సర్ చేస్తుంది కాబట్టి ఈ రకం తప్పు దాదాపు ఉండదు.

దీన్ని పరీక్షించడానికి చాలామంది స్కేలును ఏటవాలుగా పెట్టి, దాని మధ్య గీత మీదే ఫోకస్ చేసేస్తారు. అసలు మోసం అక్కడే. వ్యూఫైండర్‌లో, అంటే కన్ను ఆనించి చూసే కిటికీలో, కనిపించే చిన్న చదరం కంటే నిజమైన ఫోకస్ పాయింటు పెద్దది. మీరు 15 మీద పెట్టాననుకుంటే అది 13నో 17నో పట్టుకుంటుంది. మంచి లెన్స్‌కి లేని జబ్బు అంటగట్టినట్టవుతుంది. అందుకని ఫోకస్ చేయడానికి వేరే టార్గెట్ కావాలి: అట్టపెట్టెకు అతికించిన పేపర్ హెడ్డింగు చాలు, పెద్ద నల్ల అక్షరాలుంటే మంచిది. పక్కనే స్కేలును 45 డిగ్రీల వాలులో ఉంచి, దాని 15 గీతను అట్ట ముఖానికి సరిగ్గా సమానంగా నిలపండి. స్టీల్ స్కేలు ఎండకి మెరుస్తుంది, చెక్కది వాడండి. ఈ వాలులో స్కేలు మీది 10 మిల్లీమీటర్లు లోతులో 7 మాత్రమే.

అట్ట కెమెరాకి సూటిగా ఉందో లేదో తేల్చడానికి చిన్న పౌడరు అద్దం చాలు. అట్ట మధ్యలో దాన్ని బల్లపరుపుగా ఆనించి వ్యూఫైండర్‌లో చూడండి. మీ లెన్స్ ప్రతిబింబం సరిగ్గా నడిమధ్య కనిపిస్తే సూటిగా ఉన్నట్టే.

దూరం ఫోకల్ లెంగ్త్‌కి (లెన్స్ మీద ఎంఎంలో రాసుండే అంకె) 25 రెట్లు పెట్టండి. 50 ఎంఎం లెన్స్‌కి 1.25 మీటర్లు. ఏపీఎస్-సీ బాడీ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్న కెమెరా) మీద అపెర్చర్, అంటే లెన్స్ లోపలి రంధ్రం, ఎఫ్ 1.8లో ఉంటే అక్కడ షార్ప్‌గా ఉండే లోతు దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు, ముందూ వెనకా ఇంచుమించు సమానం. మూడోవంతు ముందు, రెండొంతులు వెనక అన్న లెక్క ఇంత దగ్గరలో పనికిరాదు. 2.5 మీటర్లకి వెళితే లోతు నాలుగింతలై 18 సెంటీమీటర్లవుతుంది, చిన్న తప్పు అందులో దాక్కుంటుంది. దగ్గరలో తప్పు పట్టండి, మీరు మామూలుగా తీసే దూరంలో సరిచూసుకోండి.

చెన్నైలో అయితే ఉదయం ఏడు, తొమ్మిది మధ్య మేడ మీద నీడపట్టు మేలు. ఎండెక్కాక కాంక్రీటు వేడికి గాలి అలలాడి టెలి లెన్స్‌ను ఏమారుస్తుంది. ఆపైన సముద్రపు గాలికి అట్ట ఊగుతుంది. పసుపుపచ్చ బల్బు కింద పరీక్షిస్తే ఫలితం మారే అవకాశం ఉంది. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాను అరగంట బ్యాగులోనే ఉంచండి, లేకపోతే గాజు మీద చెమ్మ పడుతుంది.

ట్రైపాడ్ మీద స్టెబిలైజర్ (వణుకును సర్దే ఏర్పాటు) ఆపి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ 100, మధ్య పాయింటు ఒక్కటే పెట్టండి. మొదట లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ, పదింతలు జూమ్ చేసి ఫోకస్ కుదిర్చి ఒకటి తీయండి. కొలబద్ద అదే. తర్వాత వ్యూఫైండర్‌తో పది ఫొటోలు: ఐదు ఫొటోల్లో ఒక్కోదానికి ముందు ఫోకస్ రింగును అనంతం వైపు తిప్పేసి, మిగతా ఐదింట్లో ఒక్కోదానికి ముందు దగ్గరి కొసకి తిప్పేసి. రింగు కదపకుండా వరసగా నొక్కితే కెమెరా ఉన్నచోటే ఉండిపోతుంది, పరీక్షే జరగదు.

పదీ చెల్లాచెదురుగా వస్తే ఏ నంబరూ మార్చకండి. వెలుతురో, టార్గెటో, లెన్స్ మోటారో చూసుకోవాలి. అన్నీ ఒకే వైపు తప్పితేనే మెనూలోకి వెళ్లండి: కానన్‌లో మైక్రో అడ్జస్ట్‌మెంట్, నికాన్‌లో ఫైన్ ట్యూన్, రెండింట్లోనూ మైనస్ 20 నుంచి ప్లస్ 20. ఫ్రంట్ ఫోకస్‌కి ప్లస్, బ్యాక్ ఫోకస్‌కి మైనస్. ఐదేసి చొప్పున జరిపి, దగ్గరికొచ్చాక ఒక్కొక్కటిగా. జూమ్ లెన్స్‌కి కానన్ 5డీ మార్క్ 3లో రెండు కొసలకీ విడి విలువలు ఇవ్వొచ్చు. నికాన్ డీ750లో ఒక్కటే, ఎక్కువగా వాడే కొసకే ఇవ్వండి. కానన్ 1500డీ, నికాన్ డీ3500లలో ఈ మెనూయే లేదు.

20 దాకా వెళ్లినా కుదరకపోతే సర్వీసుకే. బాడీ, లెన్స్ రెండూ ఇవ్వండి. ఇచ్చేముందు మెనూలో విలువను తిరిగి సున్నా చేయండి.