బడి గోడ నుంచి 100 గజాలు

నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మా తొమ్మిదో తరగతి పిల్లాడొకడు కారం తింటే నోరు మండుతోందని చెప్పాడు. కింది పెదవి లాగి చూశాను. లోపల చర్మం తెల్లబారి ముడతలు పడి ఉంది. ఖైనీ పొగాకు నొక్కిపెట్టే చోటు అది. "వెనక గోడ పక్క కొట్లో అందరికీ ఇస్తారు టీచర్" అన్నాడు.

పిల్లల్ని దండిస్తే సరిపోతుందన్నారు కొందరు. నాకు మనసొప్పలేదు. గోడవతలే ప్యాకెట్లు వేలాడుతుంటే పద్నాలుగేళ్ల వాడొక్కడే నిగ్రహం చూపాలా?

2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం 18 ఏళ్ల లోపు వారికి పొగాకు అమ్మకూడదు. విద్యాసంస్థకు 100 గజాల లోపు ఎవరికీ అమ్మకూడదు. ప్రధానోపాధ్యాయురాలి సంతకంతో పంచాయతీకి, పోలీస్ స్టేషన్‌కు అర్జీలు ఇచ్చాం. కొట్టు యజమాని గేటు దగ్గర నుంచి కొలవమన్నాడు. గేటు రెండో వీధిలో ఉంది కాబట్టి అలా కొలిస్తే అతనిదే గెలుపు. కానీ నిబంధనల్లో గేటు ప్రస్తావనే లేదు. ప్రహరీ బయటి అంచు నుంచి నలువైపులా కొలవాలి. లాంగ్ జంప్ టేపు తెచ్చి పీఈటీ గారు, పంచాయతీ కార్యదర్శి, నేను కలిసి కొలిచాం. కొట్టు దాకా 100 గజాల్లో సగం దూరం కూడా రాలేదు.

ఈ సెక్షన్ కింద జరిమానా 200 రూపాయలకు మించదు. అతను అది కట్టేసి అమ్మకం కొనసాగించాడు. అప్పుడు ఎస్సై గారు అతన్ని పిలిపించి 2015 బాలల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ చదివి వినిపించారు. పిల్లలకు పొగాకు ఇస్తే ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. ఆ తర్వాతే కొట్టు ముందున్న ప్యాకెట్ల దండలు దిగాయి.

పిల్లాడి సంగతి ఇంతకన్నా కష్టమైంది. మానేసిన మొదట్లో చిరాకు, తలనొప్పి, నిద్రలేమి. అది నికోటిన్ అందకపోవడం వల్లేనని, కొన్నాళ్లకు తగ్గుతుందని ఉచిత సహాయ నంబరు 1800-11-2356లో సలహాదారు ఓపిగ్గా చెప్పారు. వాళ్ల నాన్నకూ ఖైనీ అలవాటుంది. చొక్కా జేబులో డబ్బీ పెట్టుకుని ఇంటికి రావద్దని ఆయన్ని బతిమాలాను. ఆయన మాట నిలబెట్టుకున్నారు.

దంత వైద్యురాలు మచ్చ పలచబడిందన్నారు, ఇంకా చూపిస్తూనే ఉండాలన్నారు. వాడి స్నేహితులిద్దరు ఇప్పటికీ బస్టాండు నుంచి తెచ్చుకుంటున్నారు. ఈ శనివారం వాళ్ల తల్లిదండ్రులను బడికి రమ్మన్నాను.